మైనంలో దాచిన ముక్క

మా తోటికోడలు పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడను నేను అప్పా అని పిలిచేదాన్ని. మా వైపు అక్కను అలాగే పిలుస్తాం. స్టీల్ ప్లాంటు కోసం మా ఊరి భూములు తీసుకున్నాక, గాజువాక అవతల కాలనీలో మా ఆయనకూ వాళ్ళ అన్నగారికీ పక్కపక్కనే స్థలాలు వచ్చాయి. బావగారికి ప్లాంటులో ఉద్యోగమిచ్చారు. మా ఆయన పోర్టులో కలాసీగా చేరారు. రెండు ఇళ్ళకీ ఒకటే పెరడు, ఒకటే కుళాయి, బట్టలుతుక్కోడానికి ఒకటే బండ.

అప్పకు చదువు రాదు. నాకూ నలభై దాటేదాకా రాలేదు. కాలనీలో పెద్దవాళ్ళకు సాయంత్రం బడి పెట్టినప్పుడు ఇద్దరం కలిసే వెళ్ళాం. ఆవిడ రెండు రోజులు కూర్చుని, "నా సేతికి పలక బరువుగా ఉన్నాదే, నువ్వు నేర్సుకో, నాకు సదివి సెప్పు" అని లేచి వచ్చేసింది. అందువల్ల ఆవిడ జబ్బు మొదలైనప్పుడు ఆసుపత్రికి తోడు వెళ్ళే పని నాదైంది. ఆసుపత్రి కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయనీ, నాకు వచ్చింది తెలుగేననీ ఎన్నిసార్లు చెప్పినా వినేది కాదు. "ఏదో ఒక అచ్చరం తెలుత్తాది, పద" అనేది.

మొదట దగ్గు. మా కాలనీలో దగ్గు లేనిదెవరికి? బట్టలు ఆరేస్తే సాయంత్రానికి వాటి మీద నల్లటి నుసి ఉండేది. అందరం దుమ్మే అనుకున్నాం. దగ్గితే పడే కళ్ళెలో నెత్తుటి జీర కనబడ్డాక ఎక్స్‌రే తీయించాం. ఎడమ ఊపిరితిత్తి కింది భాగంలో గడ్డ ఉందన్నారు. అదేమిటో తెలుసుకోవడానికి వీపులోంచి సూది గుచ్చి చిన్న ముక్క తీశారు. ఆ సూదితో ఊపిరితిత్తిలోని గాలి బయటికి వచ్చి, ఊపిరితిత్తి ముడుచుకుపోయింది. ఒక్కొక్కరికి అలా అవుతుందట. పక్కటెముకల మధ్య గొట్టం పెట్టి, నాలుగు రోజులు దాన్ని నీళ్ళ సీసాలోకి వదిలి పడుకోబెట్టారు. ఆ నాలుగు రోజులూ అప్ప మాట్లాడలేదు. కళ్ళు మాత్రం తెరిచి ఉండేవి. గొట్టం తీసిన రోజు నా చెయ్యి పట్టుకుని, "ఇంకోసారి ఆ సూది నా ఒంట్లో దిగితే నాను ఉండను, సముద్రంలోకి ఎల్లిపోతాను" అంది. నవ్వుతూ అన్న మాట కాదు.

కేన్సరేనని తేలింది. ఆపరేషన్ చేసి ఆ కింది భాగం తీసేశారు. ఇంటికొచ్చాక చూడ్డానికి వచ్చిన వాళ్ళతో, "కాలూ సెయ్యీ తీసీలేదు, కనిపించందాన్ని తీసీసినారు. నాకూ తెలీదు ఎంత తీసినారో" అని చెప్పేది.

ఆపరేషన్‌లో తీసిన గడ్డను ముక్కలు చేసి, ఆ ముక్కలను మైనంలో పోతపోసి ఉంచుతారు. హైదరాబాదులో పెద్ద ఆసుపత్రిలో మరోసారి చూపించి రమ్మంటే, ఆ మైనపు బిళ్ళలను పొట్లం కట్టి మాకిచ్చారు. బావగారు వాటిని తీసుకుని ఒక్కరే రైలెక్కి వెళ్ళారు. అక్కడివాళ్ళూ కేన్సరేనని చెప్పి, బిళ్ళలు తిరిగి ఇస్తూ, "ఇవి మీవే, తీసుకెళ్ళండి" అన్నారట. బావగారు ఆ మాటను ఎలా అర్థం చేసుకున్నారో రెండేళ్ళు దాటేదాకా మాకెవరికీ తెలియలేదు.

ఆ రెండేళ్ళూ అప్ప బాగానే ఉంది. వంట చేసేది, గొడవ పడేది, రేషన్ షాపు దగ్గర వరసలో నిలబడేది. తర్వాత మళ్ళీ దగ్గు వచ్చింది. ఈసారి ఆయాసం కూడా. ఇంట్లోంచి కుళాయి దగ్గరికి వెళ్ళేసరికి బిందె దించి కూర్చునేది. వెల్లకిలా పడుకోలేకపోయేది. గోడకు రెండు దిళ్ళు ఆనించి, కూర్చునే నిద్రపోయేది.

అప్పను తీసుకుని నేనూ మా ఆయనా కేన్సరు డాక్టరు దగ్గరికి వెళ్ళాం. చిన్నవాడు, కృష్ణా జిల్లా వైపు మనిషి. ఆయన ఫిల్మును వెలుతురులో పెట్టి చాలాసేపు చూసి, "మీరు పొగ తాగేవారామ్మా?" అని అడిగాడు.

"మా అత్త తాగేది బాబూ. అడ్డపొగ. నిప్పున్న వైపు నోట్లో ఎట్టుకుని తాగేది. నన్నూ కూకోబెట్టి నేర్పిద్దామని సూసింది గానీ, నాలిక కాలిపోయి ఒగ్గీసినాను. ఆవిడ ముసిలిదైపోయి పోయింది, ఆవిడకేటీ కాలేదు. నాకొచ్చింది."

డాక్టరు నవ్వలేదు. కాగితం మీద ఏదో రాసుకుని, మా ఆయన వైపు తిరిగి, "మీరొకసారి బయటికి వస్తారా?" అన్నాడు.

"బయటికెందుకు? ఇక్కడే సెప్పండి" అంది అప్ప. "దగ్గేది నాను. ఆయనకేటి తెలుత్తాది?"

అప్పుడు డాక్టరు కుర్చీ ఆవిడ ముందుకు జరుపుకుని చెప్పాడు. జబ్బు మళ్ళీ వచ్చింది, రెండో వైపుకూ పాకింది, ఇంక ఆపరేషన్ కుదరదు. మందులు రెండు రకాలు. ఒకటి సెలైన్‌లో ఎక్కించేది. జుట్టు ఊడుతుంది, నీరసం వస్తుంది, ఇప్పుడున్న ఆయాసంతో ఆవిడ తట్టుకోవడం కష్టం. రెండోది రోజుకో మాత్ర. కానీ ఆ మాత్ర అందరికీ పనిచేయదు.

"గడ్డలో ఒక గుర్తు ఉంటేనే పనిచేస్తుంది. మన ఒంట్లో ప్రతి కణంలోనూ జన్యువులని ఉంటాయమ్మా. అన్నీ ఒకేసారి పని చెయ్యవు. ఈ గడ్డలో ఏవి మారిపోయాయో, ఏవి మామూలుకన్నా ఎక్కువ పని చేస్తున్నాయో చూస్తే రెండు సంగతులు తెలుస్తాయి. ఇది ఏ రకం, ఎంత జోరుగా పెరుగుతుందనేది ఒకటి. ఏ మందుకి లొంగుతుందనేది రెండోది."

అప్పకు ఎంత అర్థమైందో నాకు తెలియదు. నాకు మాత్రం దువ్వాడ నుంచి వచ్చేటప్పుడు బస్సులోంచి కనిపించే ప్లాంటు క్వార్టర్లు గుర్తొచ్చాయి. అన్నీ ఒకేలా కట్టిన ఇళ్ళు, అన్నింటిలోనూ దీపాలుంటాయి. ఏ ఇంట్లో వెలుగుతున్నాయో, ఏ ఇల్లు చీకటిగా ఉందో చూస్తే ఎవరు షిఫ్టుకు వెళ్ళారో, ఎవరు ఇంట్లో ఉన్నారో తెలుస్తుంది. గడ్డలో కూడా అలా ఏ దీపాలు వెలుగుతున్నాయో చూస్తారు కాబోలనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను. తప్పైతే తెలిసినవాళ్ళు దిద్దుతారు.

"పరీచ్చ దేనికి సేత్తారు? రగతానికా?" అని అడిగింది అప్ప.

"రక్తానికి కాదమ్మా, గడ్డ ముక్కకి."

అప్ప లేచి నిలబడింది. "సూది ఒద్దు. మాత్రా ఒద్దు, మందూ ఒద్దు. పదే ఇంటికి" అంది నాతో.

"సూది అక్కర్లేదమ్మా, కూర్చోండి. ఆపరేషన్‌లో తీసిన ముక్కలు మైనంలో ఉన్నాయిగా. పదేళ్ళయినా పాడవవు. అవి తెచ్చిస్తే చాలు. అవి లేకపోతేనే మళ్ళీ సూదితో తియ్యాలి."

అప్ప కూర్చుంది. "ఆటికేటి, ఇంట్లోనే ఉన్నాయి. మా బావ తెచ్చినాడు" అంది.

ఆవిడ బావగారికి మేనమామ కూతురు. చిన్నప్పటి చనువు వల్ల ఎంతమందిలో ఉన్నా ఆయన్ని బావా అనే పిలిచేది. మా సంగతి అలా కాదు. మా ఇళ్ళలో తమ్ముడి భార్య బావగారి ఎదుట పడి మాట్లాడదు. చెప్పాల్సింది ఉంటే గుమ్మం వెనక నిలబడి వేరే వాళ్ళతో చెబుతున్నట్టు చెబుతాం. ఆయన కూడా జవాబు వాళ్ళకే చెబుతారు. పెళ్ళయిన నాటినుంచీ మా ఇద్దరి మధ్య మాటలు అలాగే నడిచాయి.

ఇంటికొచ్చి ట్రంకు పెట్టె వెతికాను. ఎక్స్‌రేలున్నాయి, కాగితాలున్నాయి, పరీక్షకు వాడిన గాజు పలకలున్నాయి. మైనపు బిళ్ళలు లేవు. ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి మా ఆయన వెళ్ళి అడిగితే, ఉన్నవన్నీ మీకే ఇచ్చామన్నారు. సాయంత్రం బావగారు షిఫ్టు దిగి వచ్చి, పెరట్లో మంచం మీద కూర్చున్నారు. అప్ప గుమ్మంలో దిండుకానుకుని ఉంది. నేను తలుపు వెనకున్నాను.

"అన్నియ్యా, వదిన ఆపరేషన్ అప్పటి మైనం బిళ్ళలు ఎక్కడెట్టినావు?" అని అడిగారు మా ఆయన.

"ఎందుకురా?"

"డాట్రుకి కావాలంట. పరీచ్చకి."

"అవి లేవు."

"లేవంటే?"

"లేవంటే లేవు. ఎక్కడుండాలో అక్కడున్నాయి."

"పారీసినావేటి బావా?" అంది అప్ప.

"పారీడానికి సెత్తేటే? నీ ఒంట్లో ముక్క. మట్టికిచ్చీసినాను."

ఆయన చేసింది మాకెవరికీ వింతగా అనిపించలేదు, అదే చిక్కు. పురుట్లో మాయను పాతిపెడతాం. మా మరిది వరసవాడికి ఆటోనగర్‌లో ప్రెస్సు కింద వేళ్ళు తెగిపోతే, వాటిని గుడ్డలో చుట్టి తెచ్చి, పసుపు చల్లి పాతిపెట్టారు. మనిషి ఒంట్లోంచి తెగింది కుక్కల పాలూ కాకుల పాలూ అయితే ఆ మనిషికి నెమ్మది ఉండదని మా వాళ్ళ నమ్మకం. హైదరాబాదులో ఎవరో ఆ పొట్లం చేతిలో పెట్టి ఇవి మీవే అనేసరికి, పెళ్ళాం ఒంటి ముక్కలు తనకు అప్పజెప్పారనుకున్నారు బావగారు. వచ్చిన మర్నాడే స్నానం చేసి, అప్ప ఇంట్లో లేని వేళ చూసి, చేయాల్సింది చేసేశారు. బతికున్న మనిషి ముక్కలు కనక శ్మశానానికి తీసుకెళ్ళలేదు. ఎక్కడ పెట్టింది ఆ మనిషికి తెలియకూడదు కనక చెప్పలేదు.

"అయితే తవ్వి తీయి. ఏటయిపోనాది?" అంది అప్ప.

"తవ్వను."

"బావా!"

"మట్టికిచ్చింది మళ్ళీ అడక్కూడదే. ముక్కని తవ్వితే మనిషిని తవ్వినట్టే. నువ్వు బతికున్నావు. నాను నా సేతుల్తో నీకు గొయ్యి తవ్వనా?"

ఆయన గొంతు మారింది. ఆయన మొండితనం చేస్తున్నారని అప్పటిదాకా అనుకున్నాను. భయపడుతున్నారని అప్పుడు తెలిసింది.

నేను తలుపు వెనకనుంచి మా ఆయనతో అన్నాను. "ఆ ముక్క లేకపోతే అప్పకి మళ్ళీ సూది గుచ్చుతారంట. అది బాగుంటాదేటో అడగండి."

"సూది ఒద్దని డాట్రుతో సెప్పమనరా ఆవిణ్ణి" అన్నారు బావగారు.

"సూదీ లేక, ముక్కా లేక, మందెలా ఇత్తారో అడగండి."

"ఇచ్చినోళ్ళు ఇత్తారు, లేపోతే ఇంకో డాట్రుకి సూపిత్తానని సెప్పరా."

మా ఆయన ఇటు నా తలుపు వైపు, అటు మంచం వైపు తల తిప్పి తిప్పి చివరికి లేచారు. "మద్దిన నానెందుకు? ఇంట్లో మనిషి ఊపిరందక కూకుంటే మీ మర్యాదలేటి? మీరూ మీరూ మాటాడుకోండి" అని వీధిలోకి వెళ్ళిపోయారు.

తలుపు వెనక నేను, మంచం మీద ఆయన. అప్ప ఇద్దర్నీ చూస్తోంది. ఆవిడ ఊపిరి పిల్లికూతలా వినబడుతోంది. నేను తలుపు అవతలికి వచ్చాను.

"బావగారూ, మీరు మట్టికి ఇచ్చినారు. కానీ మట్టి తీసుకోలేదు. మైనంలో ఉన్నదాన్ని మట్టి ఎలా తీసుకుంటాది? అది కలవదు, కుళ్ళదు. డాట్రు పదేళ్ళయినా అలాగే ఉంటాదన్నాడు. మట్టికి అందనిదాన్ని తిరిగి తీసుకుంటే అడిగినట్టెలా అవుద్ది?"

ఆయన నా వైపు చూడలేదు.

"కలవలేదంటావా?" అన్నారు. నాతోనే అన్నారు.

"కలవదు."

"అయితే ఇన్నాళ్ళూ ముక్క అక్కడే ఉన్నాదా, ఉన్నది ఉన్నట్టు?"

"అక్కడే ఉంటాది."

ఆయన తల తిప్పి కుళాయి పక్కనున్న బట్టలుతికే బండ వైపు చూశారు. అప్ప ఆ చూపు పట్టేసింది.

"ఓలమ్మో! ఆ బండ కిందేటి?"

"కుక్కలు తవ్వకుండా..."

"నా ఊపిరి మీద నాను బట్టలుతికినానా ఇన్నాళ్ళూ! దుప్పట్లు! నీ ప్లాంటు బట్టలు! గ్రీజు మరకలని నీ పేంట్లు దాని మీదేసి బాదినాను కదా బావా, అందుకే కాదేటి నాకు దగ్గు!"

నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగేసరికి పెదాలు నీలంగా అయ్యాయి. నేను వీపు నిమురుతున్నాను. బావగారు మంచం మీంచి లేచి నిలబడిపోయారు.

ఊపిరి కుదురుకున్నాక అప్ప అంది. "నువ్వు తవ్వొద్దు. బండొకటి జరుపు. నాది నాను తీసుకుంటాను. పాపం అంటితే నాకే అంటుద్ది."

మర్నాడు పొద్దున్న ఆయన స్నానం చేసి, గునపంతో బండను పక్కకు దొర్లించారు. కర్పూరం వెలిగించి, "అడిగి తీసుకో" అన్నారు అప్పతో. అప్ప బండ పక్కన తడి నేల మీద చతికిలబడి, చేతులు జోడించి, "తల్లీ, కొన్నాళ్ళు వాడుకుని ఇచ్చీత్తాను" అంది. మొదటి దోసెడు మట్టి తనే తీసింది. అంతకన్నా చేతకాలేదు. తర్వాత మా ఆయనా నేనూ తవ్వాం. బావగారు గోడ వైపు తిరిగి నిలబడ్డారు.

పసుపు గుడ్డ పోగులైపోయింది. లోపల మరలమూత ప్లాస్టిక్ డబ్బా మాత్రం గట్టిగానే ఉంది. మూత తిప్పితే పసుపు వాసన వచ్చింది. మూడు బిళ్ళలు. ఒక్కోటి బొటనవేలంత వెడల్పు, ప్లాస్టిక్ చట్రానికి అంటుకుని తెల్లగా, మధ్యలో వక్కపలుకంత ఎర్రమట్టి రంగు ముక్క. ఒకటి పగిలింది. రెండు బాగున్నాయి. చట్రం అంచున పెన్సిలుతో రాసిన అంకెలు చెరగలేదు. నేను పైకి చదువుతుంటే మా ఆయన ఆసుపత్రి కాగితం మీది నంబరుతో సరిచూశారు.

"అంతేటి? ఇంతదానికా నన్ను అంత పొడుగు కోసినారు?" అంది అప్ప, ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని.

డాక్టరు డబ్బా తెరిచి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "పసుపా?" అన్నాడు. ఏదో ఒకటి చెప్పి గట్టెక్కుదామని మా ఆయన గొంతు సవరించుకుంటుండగా, అప్ప మొత్తం చెప్పేసింది, బండతో సహా. డాక్టరు కలం కింద పెట్టి విన్నాడు.

"ఎండ తగిలే చోట పెట్టి ఉంటే మైనం కరిగిపోయేది. మీరు రోజూ నీళ్ళు పోసి చల్లగా ఉంచారు కాబట్టి నిలబడ్డాయి" అన్నాడు. "కానీ నేను మాటివ్వలేనమ్మా. లోపల చూడ్డానికి పనికొచ్చేది మిగిలుందో లేదో పంపిస్తేగాని తెలీదు."

ముంబయి పంపారు. ఫలితం రావడానికి వారాలు పట్టింది. ఆ వారాల్లో అప్పకు ఆయాసం బాగా పెరిగింది. ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు తీయించాల్సి వచ్చింది. నీటికి వేసేది చిన్న సూదేనని, లోపలి దాకా వెళ్ళదని చెప్పి చెప్పి ఒప్పించాం. ఆ నీరు పరీక్షకు పంపితే సరిపోదా అని నేను డాక్టరును అడిగాను. చూశామనీ, అందులో పనికొచ్చేంత కణాలు లేవనీ చెప్పాడు.

బావగారు చేపలు మానేశారు. మొక్కేదో మొక్కుకున్నట్టున్నారు, ఏమిటో చెప్పలేదు. ఒకరోజు కుళాయి దగ్గర నేను బిందె పెడుతుంటే, "తవ్వకుండా ఉండాల్సింది" అన్నారు. ఇంక ఆయన నాతో తిన్నగానే మాట్లాడుతున్నారు. అదీ మాకు కొత్తే. నాకూ ఆ అనుమానం ఒకటి రెండుసార్లు వచ్చిపోయింది. తవ్విన నాటినుంచే ఆవిడకు ఎక్కువైన మాట నిజం. జబ్బు ముదురుతున్నందువల్ల ఎక్కువైందని నాకు తెలుసు. తెలిసినా ఆ గొయ్యి కనబడినప్పుడల్లా అదోలా ఉండేది. మట్టి కప్పేశాం గాని బండను మళ్ళీ అక్కడికి దొర్లించలేదు.

ఫలితం వచ్చిందని కబురొస్తే నలుగురం వెళ్ళాం. బావగారు ఆసుపత్రి గేటు దాకా వచ్చి, లోపలికి రానన్నారు. డాక్టరు ముందు మా ఆయన్ని పిలిచాడు.

"ముక్క నాది బాబూ, మాట కూడా నాకే సెప్పండి" అంది అప్ప.

"మీకే చెప్తాను. రెండు బిళ్ళల్లో ఒకటి పనికొచ్చింది. గుర్తు ఉంది. మాత్ర మొదలుపెడదాం."

అప్ప నా వైపు తిరిగింది. "ఉన్నాదంటే మంచిదేనేటే?"

"మంచిదే అప్పా."

"నయమైపోద్దా బాబూ?"

"పూర్తిగా నయం కాదమ్మా. ఈ గుర్తు ఉన్నవాళ్ళకి మాత్ర బాగా పనిచేస్తుంది. కొంతమందికి నెలలు, కొంతమందికి అంతకన్నా ఎక్కువ. తర్వాత గడ్డ వేరే దారి వెతుక్కుంటుంది. అప్పుడీ మాత్ర పనిచెయ్యడం ఆగిపోతుంది. మీకు ఎన్నాళ్ళని నేను చెప్పలేను. ఆ సంగతి మీ గడ్డ ముక్క కూడా చెప్పదు."

"పోన్లే. నయమైపోద్దని సెప్పుంటే నమ్మకపోదును. సూది లేదు కదా?"

"లేదు."

"అదే సాలు. ఈ పొద్దు నుంచి ఏసుకోమంటావా, రేపటి నుంచా?"

బయటికొచ్చి బావగారికి చెప్పాం. ఆయన తలూపి, ఆటో పిలవడానికి రోడ్డు దాటారు. ఎదుర్నుంచి లారీ వస్తోందని మేము అరిస్తే గాని చూసుకోలేదు.

మాత్ర మొదలుపెట్టాక కొద్ది రోజులకే అప్ప మొహం మీదా మెడ మీదా ఎర్రటి పొక్కులు లేచాయి. డాక్టరు ముందే చెప్పాడు, అలా వస్తాయని, మందు ఒంటికి పడుతోందనడానికి అదీ ఒక ఆనవాలని. బావగారికి మేమూ చెప్పాం. ఆయన విన్నట్టే విని, సాయంత్రానికి గుమ్మానికి వేపమండలు కట్టారు. మట్టి కోపగించుకుందని ఆయన భయం.

"అమ్మోరు కాదు బావా, మొటిమలు. ఈ వయసులో నాకు మొటిమలొచ్చినాయి. మళ్ళీ పెళ్ళి సేసుకుంటావేటి?" అంది అప్ప.

"ఊరుకోయే" అన్నారాయన. మండలు మాత్రం తీయలేదు.

తర్వాత ఒక ఆదివారం. మధ్యాహ్నం అన్నాలయ్యాక నేను మా ఇంట్లో బియ్యం ఏరుతున్నాను. బావగారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. "ఒకసారి రా" అన్నారు. అంతే. నేను చేట పడేసి పరుగెత్తాను.

అప్ప ముందుగదిలో నేల మీద చాప వేసుకుని, వెల్లకిలా, తిన్నగా, కాళ్ళు చాపుకుని, చేతులు పక్కన పెట్టుకుని పడి ఉంది. దిళ్ళు రెండూ గోడ దగ్గరే ఉన్నాయి. ఆవిణ్ణి అలా పడుకోగా చూసి నెలలు దాటింది. కూర్చుని నిద్రపోయే మనిషి అలా పడి ఉంటే ఎవరైనా ఏమనుకుంటారు? నేను గడప దగ్గరే ఆగిపోయాను. బావగారు వంగి, వేలు ఆవిడ ముక్కు కింద పెట్టారు.

అప్ప కళ్ళు తెరిచింది.

"ఏటి, ఇద్దరూ అలా నిలబడినారు?"

బావగారు వేలు వెనక్కి తీసుకోవడం కూడా మరిచిపోయారు. "నువ్వు... పడుకున్నావే" అన్నారు.

"పడుకోక? నిద్రొచ్చింది. ఊపిరి ఆడతన్నాది, ఒరిగినాను." ఒక్క మాటకూ మధ్యలో ఆగకుండా అంది. "ముక్కులో వేలెట్టి లేపుతారేటి మనుషుల్ని? జరుగు బావా, పంకా గాలి రానీ."